ఎందుకో తెలిసేదాకా

ఆ ఉదయం వాలీబాల్ కోర్టు పక్కన నిలబడి ఆమె ఈల ఊదింది. మోగలేదు. లోపలి గింజ ఒకసారి కదిలి ఊరుకుంది.

"టీచర్, మీ ఈల అలిగింది!" అంది బంతి పట్టుకుని సర్వీసుకు సిద్ధంగా ఉన్న పిల్ల. కోర్టంతా నవ్వింది.

ఆ ఆడపిల్లల హైస్కూల్లో ఆటలు నేర్పే ఆమెకు వేరే పేరొకటి ఉందన్న సంగతి పిల్లలు ఎప్పుడో మరిచిపోయారు. అందరికీ ఈల టీచరే. మైదానంలో ఆమె ఊదితే మూడో అంతస్తులో కునుకు తీసేవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చుంటారని స్కూల్లో చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఆ రోజు మళ్లీ ఊపిరి పీల్చుకుని ఊదబోయింది. పీల్చడానికి ఊపిరి అందలేదు. ఎవరో ఛాతీ చుట్టూ తాడు బిగించి లాగినట్టయింది. వల కట్టిన స్తంభాన్ని పట్టుకుంది. స్తంభాన్ని పట్టుకునే కిందికి జారిపోయింది.

అప్పటికి కొన్ని వారాలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తూనే ఉంది. వీధి చివరి క్లినిక్ డాక్టరు మొదట జలుబన్నాడు. తర్వాత రక్తం తక్కువన్నాడు. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుని, "మనసులో ఏమైనా బెంగలున్నాయామ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఉందండీ. ఈ ఆయాసం గురించే బెంగ," అని చెప్పి వచ్చేసింది.

లెక్కల టీచరు తన కార్లో వెనక సీటు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారి పొడుగునా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదట. స్కానింగు చూసిన డాక్టరు మాటలు నాన్చలేదు. "రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తం గడ్డలున్నాయి. పెద్దవే. మీరు నడిచే మనిషి, ఆడే మనిషి కాబట్టి ఇన్నాళ్లు తట్టుకున్నారు."

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఈమధ్య దూరప్రయాణం చేశారా? లేదు. ఆపరేషన్ ఏదైనా? లేదు. కాలికి దెబ్బ, కట్టు? లేదు. హార్మోన్ మాత్రలు? లేదు. చుట్ట, సిగరెట్టు?

"నేను ఆటల టీచర్ని సార్," అంది ఆక్సిజన్ మాస్కులోంచి.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా?"

"లేదు. నాన్న గుండెపోటుతో పోయారు."

అలాగే రాసుకుని వెళ్లిపోయాడు.

వార్డులో ఉన్నన్ని రోజులూ పొట్టమీద ఇంజెక్షన్లు పొడిచారు. మెల్లగా తాడు వదులైంది. నడవగలిగింది, మాట్లాడగలిగింది, మంచం పక్కన నిలబడి చేతులు పైకెత్తి నర్సుల చేత చీవాట్లు తినగలిగింది. ఇంటికి పంపేరోజు మాత్రలు చేతికిచ్చి డాక్టరు, "గడ్డలు కరుగుతాయి. ఎందుకొచ్చాయో మాత్రం తెలియలేదు. మామూలుగా చూసే జన్యు పరీక్షలు రెండూ బాగానే ఉన్నాయి. కొందరిలో కారణం దొరకదు," అన్నాడు.

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. మైదానంలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే, పొద్దున ఏమీ తినలేదో, ఎండ దెబ్బో, నెలసరో తేలేదాకా ఆ పిల్ల పక్కనుంచి ఆమె కదిలేది కాదు. తన విషయంలో మాత్రం కారణం లేదని ఎలా ఊరుకుంటుంది?

"కారణం లేకపోవడం వేరు, దొరక్కపోవడం వేరు కదా డాక్టర్?" అని అడిగింది.

ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, పై అంతస్తులో ఉండే రక్తం డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

*

రక్తం డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు మాట్లాడే మనిషి. ఆమె వేసిన మొదటి ప్రశ్న, "మీ నాన్నగారిది గుండెపోటని ఎవరన్నారు?"

"అందరూ అన్నారు."

"అందరూ అంటే?"

ఈల టీచరు నీళ్లు నమిలింది. అప్పుడు ఆమె చిన్నపిల్ల. ఆ రోజు స్కూల్లో ఉంది. ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. అందరూ గుండె ఆగిపోయిందన్నారు.

"చివరికి ఎవరి గుండైనా ఆగేదే కదమ్మా. అంతకుముందు ఏం జరిగిందో కావాలి నాకు," అంది డాక్టరమ్మ. "ఇంటికెళ్లి జబ్బు పేర్లు అడగకండి. ఎవరికీ తెలియవు. ఎవరి కాలు వాచింది, ఎవరు ఉన్నట్టుండి పోయారు, ఎవరికి కాన్పులు నిలవలేదు, ఇవి అడగండి. పోయేముందు వాళ్లు ఎలా ఉన్నారో అడగండి."

"నా రక్తంలో తెలియదా?"

"ఇప్పుడు తెలియదు. గడ్డలు ఇంకా కరుగుతున్నాయి, మందులు నడుస్తున్నాయి. ఈ స్థితిలో పరీక్ష చేస్తే తప్పుడు జవాబొస్తుంది. కొన్ని నెలలు ఆగాలి. మీ రక్తసంబంధీకుల్లో ఏ మందూ వాడనివాళ్లుంటే వాళ్లది చూడొచ్చు."

కొన్ని నెలలు. ఆ మాట వినగానే ఆమెకు మేనకోడలు గుర్తొచ్చింది. అన్నకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు కంచంలో అన్నం ఏరుకు తినేదని పిచ్చుక అనేవాళ్లు. ఇప్పుడా పిచ్చుక ఒక బ్యూటీ పార్లర్లో పొద్దంతా నిలబడి జుట్టు కత్తిరిస్తుంది. నాలుగో నెల కడుపుతో ఉంది.

"నా అన్న కూతురు గర్భవతి," అంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అయితే మీరు త్వరగా అడగాలి," అంది.

*

అమ్మ కిటికీ పక్కన కూర్చుని దిండు గలీబుకు గుండీ కుడుతోంది. ఈల టీచరు ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నాన్న పోయిన రోజు ఏం జరిగింది?"

"ఇప్పుడెందుకే ఆ మాట? గుండెపోటు."

"గుండెలో నొప్పన్నాడా?"

సూది ఆగింది. అమ్మ దాన్ని దారపుండకు గుచ్చింది. తర్వాత చెప్పింది. అంతకు కొన్ని వారాల ముందు నాన్న స్కూటరు మీంచి పడ్డాడు. కాలికి సిమెంటు కట్టు వేశారు. మంచం దిగలేదు. ఆ రోజు పొద్దున్నే కట్టు తీసేశారు. కాలు వాచి ఉంది, నొప్పిగా ఉంది, నడవనన్నాడు.

"నేనే లేపాను," అంది అమ్మ. "ఎన్నాళ్లు పడుకుంటారు, నాలుగడుగులు వేయండి, ఒళ్లు పట్టేస్తుంది అన్నాను. చెయ్యి పట్టుకుని నేనే నడిపించాను. గుమ్మం దాకా వచ్చాడు. ఊపిరి... ఊపిరి అన్నాడు. అంతే. నా చేతుల్లోనే."

గలీబు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో నలుపుతోంది.

"నేను లేపకపోతే బతికేవాడేమో. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీ పెద్దత్త ఎదురుగా కూర్చున్నప్పుడల్లా, నా తమ్ముణ్ణి నువ్వే నడిపించి చంపావు అంటుందేమోనని భయం."

ఈల టీచరు లేచి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. కూర్చునేసరికి ఆయాసం వచ్చింది. కాస్త సర్దుకున్నాక అంది.

"నన్నెవరు నడిపించారమ్మా? నేను రోజూ నడిచేదాన్నే. నాకూ వచ్చింది. నువ్వు లేపడం వల్ల రాలేదు. కాలు కదలకుండా ఉన్న అన్నాళ్లలోనే ఆ గడ్డ కట్టింది. ఆ రోజు కాకపోతే మర్నాడు. నువ్వు కాకపోతే నర్సు లేపేది."

"నిజంగానా? నన్ను ఊరడించడానికి చెప్పట్లేదు కదా?"

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. నువ్వే అడుగు."

మర్నాడు నిజంగానే తీసుకెళ్లింది. అమ్మ ఆ ప్రశ్న సూటిగా అడిగింది. డాక్టరమ్మ మొదటిసారి తొందర మానుకుని, అదే విషయం ఓపిగ్గా వివరించింది. బయటికొచ్చాక అమ్మ మెట్ల దగ్గర నిలబడి, "ఈవిడకు నలభై ఏళ్ల కిందటే డాక్టరయ్యే తీరిక లేకపోయిందా," అంది, ముక్కు చీదుకుంటూ. నవ్వుతోందో ఏడుస్తోందో కూతురికి తెలియలేదు.

*

అన్న దూరప్రాంతాలకు బస్సు నడుపుతాడు. విషయం వింటూనే ఒంటికాలి మీద లేచాడు.

"నీకొచ్చింది, తగ్గింది, సంతోషం. ఇక ఇంటింటికీ తిరిగి అందరికీ అంటగడతావా?"

"అంటుజబ్బు కాదు అన్నయ్యా, పుట్టుకతో ఉండేది. పిచ్చుకకు ఉందో లేదో తెలియాలి."

"దాని జోలికెళ్లకు. కడుపుతో ఉన్న పిల్లను బెదరగొడితే కడుపులోది ఏమవుతుంది? దాని చెవిన వేశావంటే నేను ఊరుకోను. చెల్లెలివని కూడా చూడను."

వదిన వంటింటి తలుపు దగ్గర నిలబడింది. ఈల టీచరు వెళ్లిపోతుంటే వీధి గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి, "ఆయన రోజూ సాయంత్రం కుడికాలు బల్లమీద పెట్టుకుని కూర్చుంటారు. నేను చూస్తే కిందికి దించేస్తారు," అని చెప్పి గబగబా లోపలికెళ్లిపోయింది.

అన్నను ఎదిరించి నేరుగా పిచ్చుక దగ్గరికి వెళ్లడం ఆమెకు కష్టమేమీ కాదు. కానీ చేతిలో రుజువు లేకుండా వెళ్తే తండ్రీ కూతుళ్ల మధ్య చిచ్చు పెట్టినట్టవుతుంది. ముందు ఎవరి రక్తమైనా మాట్లాడాలి. మందులు వాడని మనిషి, కాలు వాచిన మనిషి. తన కుటుంబంలో అలాంటి కాలు ఒకటి ఉంది. అందరికీ తెలిసిందే. ఎవరూ దాని మాట ఎత్తరు.

పెద్దత్త నాన్నకు అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. ఎడమకాలు మోకాలి నుంచి పాదం దాకా ముదురు గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, ఎప్పుడూ పట్టీ చుట్టుకునే ఉంటుంది. మాట పదును. పిల్లల్లేరు. బంధువుల ఇళ్లలో పుట్టిన పిల్లల్ని చూడటానికి ఒక్కసారీ వెళ్లలేదు. గర్వం అనేవాళ్లు.

తలుపు తీసి, మేనకోడల్ని ఎగాదిగా చూసి, "చచ్చి బతికావట కదా. లోపలికి రా. చెప్పులు అక్కడ కాదు, ఇక్కడ," అంది.

రెండు టీలు అయ్యాక ఈల టీచరు అడిగింది. "అత్తా, నీ కాలు ఎప్పుడు వాచింది?"

పెద్దత్త కప్పు పక్కన పెట్టింది. "ఎవరు అడగమన్నారు?"

"డాక్టరమ్మ."

"ఆవిడకేం పని నా కాలితో?"

"నాన్నకూ కాలు వాచిందట, పోయే రోజు. నాకు ఊపిరితిత్తుల్లో గడ్డలొచ్చాయి. నీకెప్పుడు వాచిందో తెలిస్తే..."

పెద్దత్త ఆ కాలు ముందుకు చాపుకుంది. తర్వాత పాత ఎక్స్ఛేంజీలో నంబరు చెప్పినట్టు, తడబాటు లేకుండా చెప్పుకుపోయింది.

"మూడో కాన్పప్పుడు. మొదటి ఇద్దరూ నాలుగైదు నెలలకే కడుపులోనే పోయారు. మూడోది నిలిచింది. ఎనిమిదో నెలలో కాలు స్తంభంలా వాచింది. నీరు పట్టింది, కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అన్నారు. వారం తిరక్కుండా కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. నాకు చూపించలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటుందన్నారు. అంతే, ఆ కాలు మళ్లీ మామూలు కాలేదు."

"మాకెవరికీ తెలియదత్తా."

"అడిగిందెవరే?" అంది పెద్దత్త. "నా ఒంట్లో లోపమన్నారు. చేసుకున్న పాపమన్నారు. మీ మామయ్య ఒక్కడే ఏమీ అనలేదు, పాపం. ఎందుకు అని అడగడానికి కూడా మనిషి లేడు. అందుకే ఇంకెవరి పిల్లల్నీ చూడటానికి వెళ్లలేదు. వెళ్తే ఏడుస్తాను. అందరి ముందూ ఏడవడం నాకిష్టం లేదు."

ఈల టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దత్త విదిలించలేదు.

"నీ రక్తం ఒకసారి పరీక్ష చేయించాలి అత్తా."

"ఈ వయసులో నాకెందుకు?"

"పిచ్చుక కడుపుతో ఉంది."

పెద్దత్త లేచి నిలబడింది. గోడ పట్టుకుని పట్టీ సరిచేసుకుంది. "పద," అంది.

"ఇవాళ కాదత్తా, రేపు పొద్దున."

"రేపటిదాకా ఎందుకు? నా రక్తం ఇవాళ లేదా?"

*

ఒక్క పరీక్ష చెబితే సరిపోదని డాక్టరమ్మ కొన్నాళ్లాగి రెండోసారి కూడా చేయించింది. రెండుసార్లూ ఒకటే చెప్పింది. పెద్దత్త రక్తంలో యాంటీథ్రాంబిన్ అనే పదార్థం ఉండవలసినదాంట్లో సగమే ఉంది.

"దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టాలి. కట్టమని చెప్పేవి రక్తంలో కొన్ని ఉంటాయి. చాలు, ఇక ఆగు అని చెప్పేవి కొన్ని ఉంటాయి. మీకు ఆ ఆగు అని చెప్పేది పుట్టుకతోనే సగం," అంది డాక్టరమ్మ. "తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. కాన్పు సమయంలో ప్రమాదం ఎక్కువ. ముందే తెలిస్తే ఇంజెక్షన్లతో కాచుకోవచ్చు."

పెద్దత్త అన్నీ విని, "ఇది పాపం వల్ల వచ్చేది కాదు కదా?" అని అడిగింది.

"కాదమ్మా."

"సరే, నోటిమాట చాలదు, మీ సంతకంతో రాసివ్వండి. కొందరి మొహాన కొట్టాలి. చాలామంది పోయారనుకోండి, ఉన్నవాళ్లకైనా."

అక్కణ్ణుంచి ఇద్దరూ నేరుగా బస్సు డిపోకు వెళ్లారు. అన్న అప్పుడే దిగి, టైర్లను కర్రతో కొట్టి చూస్తున్నాడు. చెల్లెల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. వెనకే కుంటుకుంటూ వస్తున్న మేనత్తను చూసి కర్ర కింద పెట్టాడు. ఆవిడ ఇల్లు దాటి రావడం అతను చూసి ఏళ్లయింది.

"బస్సెక్కించరా. నిలబడలేను," అంది పెద్దత్త.

ఖాళీ బస్సులో ముందు సీట్లో ఆవిడ కూర్చుంది. అన్న డ్రైవరు సీటులో పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఈల టీచరు మెట్టు మీద నిలబడింది. పెద్దత్త తన మూడు కాన్పుల సంగతీ అతనికి చెప్పింది. అతను తలొంచుకుని విన్నాడు.

"ఒరేయ్, నీ బస్సుకు బ్రేకులు సగమే పడుతున్నాయని తెలిస్తే ఏం చేస్తావు? ప్రయాణికులు భయపడతారని చెప్పకుండా తోలతావా?"

"షెడ్డుకు తోలతాను," అన్నాడు నెమ్మదిగా.

"మరి?"

అన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. "నాన్న పడిపోయినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను చెల్లీ. నీళ్లు తెమ్మంటే తెచ్చాను. తెచ్చేసరికి..." అని ఆగాడు. "నాన్న పోయిన వయసు వచ్చినప్పుడు ఏడాదంతా నిద్రపట్టలేదు. దాటేశాక, ఇప్పుడు నాన్నకంటే నేనే పెద్దవాణ్ణి, ఇక గండం గడిచింది అనుకున్నాను. ఆర్నెల్ల నుంచి కుడికాలు వాస్తోంది. డాక్టరు దగ్గరికెళ్తే బస్సు దించేస్తారు. అసలు అదొక్కటే కాదు. నాకుందని తేలితే, దానికి నేనిచ్చినట్టే కదా? నా కూతురికి నేనే."

"నాన్న నీకిచ్చాడని నాన్న మీద కోపం వచ్చిందా?" అంది ఈల టీచరు.

"ఛ! ఆయనకేం తెలుసు?"

"నీకు తెలిసింది. అదే తేడా. ఇప్పుడు చెప్పకపోతేనే తప్పు."

అన్న కళ్లు తుడుచుకుని, కిటికీలోంచి ఎవరూ చూడట్లేదు కదా అని అటూ ఇటూ చూశాడు. "సరే. నేనే చెబుతాను. నువ్వు పక్కనుండు. మధ్యలో ఆగిపోతే నువ్వందుకో."

*

మధ్యలో ఆగిపోయే అవసరం రాలేదు. మొదలుపెట్టడమే కష్టమైంది. పిచ్చుక తండ్రి మొహాన్నీ, అత్త మొహాన్నీ చూసి, కత్తెర పెట్టె మూసి, "నాన్నా, నువ్వు కాలు దాచుకోవడం నాకు తెలీదా? అత్త ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి నువ్వు ఫోనులో తడబడుతూనే ఉన్నావు. నాకూ ఉండొచ్చు అంతేగా? పరీక్ష ఎక్కడ చేస్తారు?" అంది.

"భయం లేదామ్మా?" అన్నాడు అన్న.

"ఉంది. మీరు చెప్పకుండా గుసగుసలాడుకున్నప్పుడు ఇంకా ఎక్కువుంది."

పరీక్షలు చేయిస్తే తండ్రికీ ఉందని, కూతురికీ ఉందని తేలింది. తండ్రి కాలిలో గడ్డ కూడా ఉంది. అది ఊపిరితిత్తుల దాకా ఎగబాకక ముందే పట్టుకున్నారు. మాత్రలు మొదలుపెట్టారు. డిపోవాళ్లు అతన్ని ఉద్యోగంలోంచి తీసేయలేదు. గంటగంటకూ దిగి నడవడానికి వీలుండే ఊళ్లోని రూటుకు మార్చారు. "బస్సు కాదది, స్టాపు స్టాపుకూ ఆగే తోపుడుబండి," అని రోజూ సణుక్కుంటూనే నడిపాడు.

పిచ్చుకకు ఆ వారం నుంచే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. కాన్పు దాకా, కాన్పు తర్వాత కొన్ని వారాల దాకా రోజూ. మొదటి రోజు పిచ్చుక భర్త సూది పట్టుకుని తనే తెల్లబోయి కుర్చీలో కూలబడ్డాడు. ఈల టీచరు సూది తీసుకుని పిచ్చుక చేతికిచ్చింది.

"చర్మాన్ని ఇలా మడత పట్టుకో. నిటారుగా దించు. గబుక్కున తీయకు. నన్ను పొడిచిన నర్సు చేతికంటే నీ చేయి మెత్తన. జుట్టు కత్తిరించే చేయి కదా."

వారం తిరిగేసరికి పిచ్చుక తనే వేసుకుంటోంది. పొట్టంతా నీలం మచ్చలు. "అద్దంలో చూసుకుంటే చిరుతపులిలా ఉన్నాను అత్తా," అనేది. ఒక సాయంత్రం మాత్రం సూది చేతిలో పట్టుకుని, ఇక నావల్ల కాదని ఏడ్చేసింది. ఈల టీచరు ఓదార్చలేదు. పక్కన కూర్చుని, "ఐదు నిమిషాలు ఏడు. తర్వాత వేసుకుందాం," అంది. అలాగే చేశారు.

ఈ మధ్యలో ఈల టీచరుకు కూడా మాత్ర ప్రభావం లేని సమయం చూసి పరీక్ష చేశారు. వచ్చిన జవాబు చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకు మాత్రం, మాత్రలు జీవితాంతం వేసుకోవాలని విన్నా, గుండెల మీద బరువు దిగినట్టనిపించింది. కారణం దొరకలేదన్న మాటకంటే ఏ జవాబైనా ఆమెకు తేలికే.

*

కాన్పు అనుకున్నట్టే జరిగింది. ముందురోజు ఇంజెక్షను ఆపారు, నొప్పులు తెప్పించారు, మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. అమ్మ, వదిన, అన్న, పెద్దత్త వరండాలో బెంచీ నిండా కూర్చున్నారు. అన్న లేచి నడుస్తూ, మిగతావాళ్లను కూడా లేపి నడిపిస్తున్నాడు.

కాన్పయ్యాక చెప్పిన సమయానికి ఇంజెక్షను మళ్లీ మొదలుపెట్టాలని డాక్టరమ్మ రాసిపెట్టింది. సాయంత్రం డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు గదిలోకొచ్చి, రక్తస్రావం సంగతి రేపు చూసి అప్పుడు వేద్దాం అని చెప్పి తిరిగాడు. తలుపు దగ్గరున్న ఈల టీచరు నోరు తెరవబోయింది. అంతకుముందే మంచం మీంచి గొంతు వినిపించింది.

"డాక్టర్‌గారూ, ఒక్క నిమిషం."

పిచ్చుక మోచేతుల మీద లేచి కూర్చుంది. జుట్టు చెదిరి, పెదాలు ఎండి ఉన్నాయి.

"నాకు యాంటీథ్రాంబిన్ సగమే ఉంది. కాన్పు తర్వాత రోజులే నాకు ఎక్కువ ప్రమాదం. రక్తస్రావం మామూలుగానే ఉందని నర్సమ్మ చెప్పింది. వాయిదా వేయాలంటే మా రక్తం డాక్టరమ్మతో మాట్లాడి వేయండి. నంబరు ఇస్తాను. మీరు మాట్లాడేదాకా నేను కళ్లు మూసుకోను."

అతను కొంచెం తెల్లబోయాడు. కానీ మంచి మనిషే. వెంటనే ఫోను చేశాడు. నిలబడే విన్నాడు, రెండుసార్లు సరేనన్నాడు. ఫోను పెట్టేసి, "మీరన్నదే కరెక్టు. ఆపినందుకు థాంక్స్," అని సూది తెప్పించాడు.

ఈల టీచరు తెరవబోయిన నోరు మూసుకుని గోడకు ఆనుకుంది. పిచ్చుక ఆమె వైపు చూసి, "ఏంటత్తా, నేను నీకంటే గట్టిగా అరిచానా?" అంది.

"నేనైతే అతను పారిపోయేవాడు," అంది ఈల టీచరు.

పసిదానికి ఉందో లేదో ఇప్పుడే తేలదని, పుట్టిన పిల్లలందరిలోనూ అది తక్కువగానే ఉంటుందని, కొన్ని నెలలు గడవాలని డాక్టరమ్మ మర్నాడు చెప్పింది. ఉంటే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. కొన్ని వారాలకు చివరి ఇంజెక్షను కూడా అయిపోయింది. పిచ్చుక ఇంటి వరండాలో పసిదాన్ని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తుంటే, కాలు వాపు లేదని వదిన రోజూ వంగి చూసి మరీ ఒప్పుకునేది.

ఒక ఆదివారం పొద్దున ఈల టీచరు నాన్న తమ్ముడికి ఫోను చేసింది. చిన్నాన్నకూ వీళ్లకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. ఆస్తి దగ్గర మొదలైన గొడవ ఎక్కడ ముగిసిందో ఎవరికీ గుర్తులేదు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది పెళ్లీడుకొచ్చిన మనిషి, చిన్నది దూరపు కాలేజీకి రోజూ రైల్లో తిరుగుతుంది.

ఆమె చెప్పిందంతా విని చిన్నాన్న, "మా ఇంట్లో అలాంటివేం లేవు. అందరం నిక్షేపంలా ఉన్నాం. ఇన్నేళ్లకు ఫోను చేసి అడగాల్సిన మాటేనా ఇది?" అన్నాడు.

"అవును చిన్నాన్నా, అడగాల్సిన మాటే."

"నేను ఫోను పెట్టేస్తున్నాను."

"పెట్టెయ్. ఇవాళ ఇంట్లోనే ఉంటావా?"

పెట్టేస్తున్నానన్న మనిషి ఫోను పెట్టేయలేదు.

"ఉండక ఎక్కడికెళ్తాను?" అన్నాడు చివరికి.

"అయితే మధ్యాహ్నానికల్లా వస్తున్నాను. పెద్దత్త కూడా వస్తానంటోంది. నువ్వు తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటుందట. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా."

ఫోను పెట్టేసి, అల్మారాలోంచి నడక బూట్లు తీసి కూర్చుని లేసులు బిగించుకోసాగింది.